ఎవరి పక్షము?

ధ్యాన భాగము: యెహోషువ 5:13–15



యెరికో చెంత యెహోషువకు ఖడ్గము పట్టిన యొకడు కనబడెను. మావాడవా, పగవాడవా అని యెహోషువ అడిగెను. ఆయన ఆ రెంటిలో దేనికిని ఔననలేదు. తాను యెహోవా సేనకు అధిపతినని తెలిపెను. అంతట యెహోషువ తన ప్రశ్న విడిచి సాగిలపడెను.

ఆ యెరికో నేడును ఉన్నది. అది యొర్దాను నదికి పడమటి దరిని పాలస్తీనీయులు కాపురముండు పట్టణము. ఆ దేశమునుగూర్చి లోకమంతయు యెహోషువ ప్రశ్ననే అడుగుచున్నది; ఒక్కొక్క జనము ఒక్కొక్క జవాబు చెప్పుచున్నది.

మన దేశమునే చూడుడి. 1947 నవంబరు 29న పాలస్తీనాను విభజించుటకు ఐక్యరాజ్యసమితిలో వోట్లు తీయగా 33 దేశములు ఔననెను, 13 కాదనెను. కాదన్నవాటిలో మనది యొకటి. మన సొంత విభజన గాయము అప్పటికింకను పచ్చిగానే యుండెను. 1950లో ఇశ్రాయేలు రాజ్యమును, 1988లో పాలస్తీనా రాజ్యమును గుర్తించితిమి. ఇశ్రాయేలుతో పూర్తి రాయబార సంబంధములు 1992లో కలిగెను. దక్షిణాఫ్రికా తాను పడిన జాతి వివక్షను తలంచి పాలస్తీనీయుల మొరలో తన మొర వినుచున్నది. 2023 డిసెంబరులో ఇశ్రాయేలుమీద అంతర్జాతీయ న్యాయస్థానమునకు వెళ్లెను. జర్మనీ ప్రభుత్వములు హిట్లరు కాలమున చంపబడిన 60 లక్షల యూదులను తలంచి, ఇశ్రాయేలు క్షేమము తమ బాధ్యతయని చెప్పుచు వచ్చినవి. 2025లో ప్యూ పరిశోధనా సంస్థ 24 దేశముల ప్రజలను విచారింపగా, 20 దేశములలో సుమారు సగము మంది గాని అంతకు మించి గాని ఇశ్రాయేలునుగూర్చి ప్రతికూలముగా పలికిరి. నైజీరియాలో అనుకూలురే ఎక్కువ. మన దేశములో ఏ తట్టునను సగము మంది లేరు.

ఇది వింత కాదు. మన నెల్లూరు సీమలో ఒకే వాన చెరువు క్రింద వరి వేసినవానికి దీవెన, ఉప్పు మడి కట్టినవానికి నష్టము. ఎవని పొలమునుబట్టి వాని మాట.

వెంకటాచలము చుట్టుపట్ల సంఘములలో మన మాట దేనినిబట్టి పుట్టుచున్నది? వేదములో ఇశ్రాయేలు అను పేరు చదివి, 1948లో ఏర్పడిన రాజ్యము చేయునదంతయు దైవకార్యమే యనువారు కలరు. కువైటులో కూలికి పోయిన బిడ్డల మాటలు విని వేరుగా తలంచువారును కలరు. తెలంగాణనుండి వెళ్లి ఇశ్రాయేలులో వృద్ధులకు సేవచేయు తెలుగువారి కుటుంబములు మరియొక భయముతో ప్రార్థించుచున్నవి.

2023 అక్టోబరు 7న ఇశ్రాయేలులో సుమారు 1200 మంది చంపబడిరి. సుమారు 250 మంది బందీలుగా కొనిపోబడిరి. తరువాతి యుద్ధమున గాజాలో వేలు, పదివేలుగా జనులు చనిపోయిరి. వారిలో పిల్లలు అనేకులు. ఆ అక్టోబరు 19న గాజాలోని సెయింట్ పోర్ఫీరియస్ దేవాలయ ఆవరణలో దాగిన క్రైస్తవులు పలువురు వైమానిక దాడిలో మరణించిరి. పాలస్తీనీయులలోను మన ప్రభువు నామము ధరించినవారు ఉన్నారని మరువకుడి.

దేవుడు ఏ జెండా క్రిందను నిలువడు అనుటచేత, ఆయనకు మంచిచెడ్డలు ఒకటేయని తలంపరాదు. హేబెలు రక్తపు మొర విన్నవాడు రెండు తట్టుల రక్తమును వినుచున్నాడు. ఒక తల్లి యేడ్పు విని, మరియొక తల్లి యేడ్పునకు చెవి మూసికొనువాడు ఆయన సేనలోనివాడు కాడు.

కాబట్టి ప్రియులారా, మూడు సంగతులు చేయుదము. సెల్ ఫోనులో వచ్చిన ద్వేషపు మాటను పరిశోధింపక మరియొకనికి పంపకుందము. ఆ దూరపు యుద్ధమునుబట్టి మన వీధిలోని ముస్లిము పొరుగువానితో పలుకు మానకుందము. కరవులోను తుపానులోను మనతో నిలిచినవాడు అతడే. ఆదివారపు ప్రార్థనలో యూదుల పేరును పాలస్తీనీయుల పేరును ఒకే నోట ఎత్తుదము.

యెరూషలేమును చూచి కన్నీరు విడిచిన ప్రభువు, ఎవరి పక్షమని అడుగు మన నాలుకను అణచి, ఆయన పాదముల యొద్ద మనలను సాగిలపరచును గాక. ఆమేన్.