శిక్షయు భయమును

మూలవాక్యము: ప్రసంగి 8:11. చదువుకొనవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 25:1-3, 2 కొరింథీయులకు 2:5-8.



ఊరిలో దొంగతనము జరిగిన మరునాడు రచ్చబండమీద వినబడు మాట మీకందరికిని తెలిసినదే. "ఈ చట్టాలకు ఎవడు భయపడతాడు? ఒకణ్ణి నడిబజారులో ఉరి తీస్తే తక్కినవాళ్లకు బుద్ధి వస్తుంది" అందురు. ఆదివారమున ఆరాధనకు వచ్చు మనవారును ఆ మాటకు తల ఊపుచున్నారు. గనుక దానిని వాక్యము నెదుట పెట్టి చూతము.

తప్పుచేసినవానిమీదికి తీర్పు రావలసినంత త్వరగా రాకపోయిన యెడల, చూచువారికి తెగువ పెరుగునని ప్రసంగి కనిపెట్టెను. శిక్ష చిన్నదైనందున మనుష్యులు తెగించుచున్నారని ఆయన అనలేదు సుమా. ఆలస్యమైనందుననే అనుచున్నాడు. ఈ రెండింటికి నడుమ చాల దూరమున్నది.

1764లో మిలాను పట్టణస్థుడైన చెజారే బెక్కరియా, అప్పటికి ఇరువదియారేండ్లవాడు, నేరములను గూర్చియు శిక్షలను గూర్చియు చిన్న పుస్తకమొకటి వ్రాసెను. మనుష్యుని నేరమునుండి ఆపునది శిక్షయొక్క క్రూరత్వము కాదనియు, అది తప్పక వచ్చునను నిశ్చయమే యనియు, ఎంత త్వరగా వచ్చిన అంత మేలు చేయుననియు అతడు వాదించెను. ఐరోపా పండితులు దానిని కొత్త మాట యనుకొనిరి. ప్రసంగి చదివినవారికి అది అంత కొత్త కాదు.

ఆ కాలమున ఇంగ్లండు దేశము వేరొక త్రోవను పోవుచుండెను. పందొమ్మిదవ శతాబ్దారంభమునకు అక్కడ 200కు పైగా నేరములకు ఉరిశిక్ష యుండెను. ఒకని యింటిలోనుండి 40 షిల్లింగుల సొత్తు దొంగిలించిన యెడల చావే. ఫలితమేమి? ప్రమాణము చేసి కూర్చున్న జ్యూరీవారికి మనస్సాక్షి యొప్పలేదు. ఎక్కువ వెలగల వస్తువైనను దాని వెల 39 షిల్లింగులే యని తీర్పు చెప్పి మనుష్యుని ఉరినుండి తప్పించుచు వచ్చిరి. 1830లో బ్యాంకుల యజమానులే పార్లమెంటునకు అర్జీ పెట్టుకొనిరి. దొంగ సంతకములవలన నష్టపోవువారు వారే. అయినను ఆ నేరమునకు ఉరి తీసివేయుడని అడిగిరి. జాలిచేతనని అనుకొనకుడి. ఉరి యున్నంతకాలము సాక్షులు ముందుకు రారు, జ్యూరీవారు నేరము స్థాపించరు, దొంగ నవ్వుచు ఇంటికి పోవునని వారు అనుభవమువలన నేర్చుకొనిరి. 1837 నాటికి ఆ నేరమునకు ఉరి పూర్తిగా తొలగిపోయెను. ఆ దేశమున 1868 వరకు ఉరితీయుట జనుల యెదుటనే జరిగెను. చూడవచ్చిన గుంపులోనే జేబుదొంగలు తమ పని చూచుకొనుచుండిరి!

అయితే బైబిలు భయమును త్రోసివేయుచున్నదా? లేదు. అబద్ధసాక్షికి శిక్ష కలిగినప్పుడు మిగిలినవారు విని భయపడుదురని ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో మోషే చెప్పియున్నాడు. అధికారి ఖడ్గము వ్యర్థముగా ధరించుట లేదని పౌలును ఎరుగును. భయమునకు చోటున్నది. అయితే దాని చుట్టు దేవుడు కంచె వేసెను. 25వ అధ్యాయము చూడుడి. దెబ్బలు న్యాయాధిపతి యెదుటనే కొట్టవలెను. నేరమునకు తగినన్ని లెక్కించి కొట్టవలెను. నలువది దాటరాదు. ఎందుకు? దాటిన యెడల కొట్టబడినవాడు కొట్టించువాని దృష్టికి నీచుడగును. ఆ చోట ధర్మశాస్త్రము ఆ నేరస్థుని ఏమని పిలుచుచున్నదో గమనించితిరా? సహోదరుడని! దెబ్బలు తినుచున్న క్షణమందును వాడు సహోదరుడే.

ఇప్పుడు మన గ్రామములకు రండి. పొలములో మోటారు తీగలు కోసినాడనియో, కోళ్లు పట్టినాడనియో ఒక కుఱ్ఱవాని చెట్టుకు కట్టి, వచ్చిన ప్రతివాడును చేతికందినదానితో కొట్టుటను మీలో అనేకులు చూచియుందురు. అక్కడ న్యాయాధిపతి లేడు, లెక్క లేదు. తెల్లవారిన తరువాత దొంగను చంపినవానికి రక్తాపరాధము కలదని నిర్గమకాండము 22వ అధ్యాయము చెప్పుచున్నది. మన దేశపు చట్టమును దానిని నేరముగానే ఎంచును. అట్టి గుంపులో క్రైస్తవుని చెయ్యి ఉండరాదు. అతడు చెట్టుదగ్గరకు పోయి కట్లు విప్పి పోలీసులకు కబురు చేయవలెను. ఊరివారు అతనిని దొంగకు చుట్టమనుకొన్నను సరే.

ఇంకొకటి చెప్పవలసియున్నది, ఇది కొందరికి నచ్చదు. కండ్లార చూచినది చెప్పనివాడు ఆ దోషమును తానే భరించునని లేవీయకాండము 5:1 బోధించుచున్నది. ఉరి వేయవలెనని రచ్చబండమీద అందరికంటె గట్టిగా అరచువాడే, పోలీసులు వచ్చి సాక్ష్యమడిగినప్పుడు "నేను పొలంలో ఉన్నానయ్యా, నాకేమీ తెలియదు" అనును. వాయిదాలు సంవత్సరములు సాగుట ఒక కారణమే. ఎదుటివానితో పగ ఎందుకను పిరికితనమును మరియొక కారణము. శిక్ష తప్పక వచ్చుననుటకు సాక్షులు కావలెను. నిజము చెప్పు పదిమంది యున్న ఊరికి దొంగ భయపడును. పెద్ద శిక్ష కాగితముమీద ఉండి, చెప్పువాడు లేని ఊరికి ఎందుకు భయపడును?

దొంగతనము విషయమై ధర్మశాస్త్రము నిర్ణయించిన శిక్ష మరణము కాదు, చెరసాలయు కాదు, తిరిగి ఇచ్చుట. ఎద్దును అమ్మినను చంపినను అయిదెడ్లు, గొఱ్ఱెకు నాలుగు గొఱ్ఱెలు. అన్నము లేక దొంగిలించినవానిని లోకము అసహ్యించుకొనకపోయినను, వాడును తిరిగి చెల్లింపవలసినదేనని సామెతలు 6వ అధ్యాయము చెప్పుచున్నది. జక్కయ్యకు ఏ న్యాయస్థానమును తీర్పు చెప్పలేదు. ప్రభువు తన యింట బసచేయ వచ్చినందుననే నాలుగింతలు ఇత్తునని తానే లేచి చెప్పెను. మన దేశమున 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితయు ఈ త్రోవను కొంత చూచినది. అయిదువేల రూపాయలకు లోపటి దొంగతనము మొదటిసారి చేసి, సొత్తు తిరిగి ఇచ్చినవానికి చెరసాలకు బదులు సమాజసేవ శిక్షగా నున్నది.

ఇక నేరము చేయనివారికే శిక్ష వేసిన కాలమును మరువకూడదు. 1871లో బ్రిటిషు ప్రభుత్వము నేరజాతుల చట్టము తెచ్చెను. 1911లో అది మద్రాసు రాష్ట్రమునకును వచ్చెను. ఆ జాబితాకెక్కిన కులములో పుట్టుటయే అనుమానము. హాజరు చెప్పుకొనవలెను, సెలవు లేక ఊరు దాటరాదు. మన ప్రాంతమున ఎరుకలవారి నిట్లు ఉంచిన స్టూవర్టుపురము సెటిల్మెంటును నడిపినది రక్షణ సైన్యము. కావలిలో అమెరికను బాప్తిస్టు మిషను. బడి పెట్టిరి, పని నేర్పిరి, సువార్త చెప్పిరి; అది నిజము. ఆ బడిగంట ప్రక్కనే హాజరుపట్టీయు ఉండెను, అదియు నిజము. తండ్రి దోషమును కుమారుడు మోయడని యెహెజ్కేలు 18వ అధ్యాయము చెప్పుచుండగా, మిషనువారు ఆ పట్టీని చేతపట్టకుండవలసినదని నా అభిప్రాయము. 1952 ఆగస్టు 31న ఆ చట్టము దేశమంతట రద్దాయెను. అయినను నేటికిని ఊరిలో ఏదైన పోయిన యెడల మొదట ఏ వాడవైపు చూచుచున్నామో మనకు తెలియును.

ఇట్లుండగా కొరింథు సంఘములో ఒకడు తప్పుచేసెను, సంఘము అతని శిక్షించెను. పౌలు ఏమి వ్రాసెను? ఆ శిక్ష చాలుననియు, ఇక అతని క్షమించి ఓదార్చుడనియు, లేనియెడల అధిక దుఃఖములో అతడు మునిగిపోవుననియు వ్రాసెను. చాలును అను మాట చెప్పుట న్యాయాధిపతికి సులభము. శిక్షాకాలము ముగిసిన దినమున తలుపు తీసివేయును. సంఘమునకే కష్టము. చెరసాలనుండి వచ్చినవాడు వెనుక వరుసలో కూర్చున్నప్పుడు ప్రక్కవారు జరుగుదురు. కూలికి పిలువరు, పిల్లనివ్వరు. దొంగిలినవాడు కష్టపడి పనిచేసి బీదలకు పెట్టవలెనని ఎఫెసీ పత్రిక 4:28 చెప్పుచున్నది గదా; పని ఇచ్చువాడు లేనిదే వాడెక్కడ పనిచేయును?

సంఘపెద్దలారా, మీలో పొలములున్నవారు కోతకాలమునకు మనుష్యులను మాటాడుకొనుచున్నారు. మీ ఊరిలో అట్లు తిరిగివచ్చినవాడు ఎవడైన ఉన్న యెడల అతని పేరును ఆ లెక్కలో చేర్చుకొనుడి. తక్కినవారికిచ్చు కూలియే అతనికిని ఇయ్యుడి.