ఇంటితో పాటు వచ్చే హక్కులు



సొంత ఇల్లు కావాలనుకోవటం లోకవ్యామోహం కాదు. అల్లాహ్ నహ్ల్ సూరాలో (16:80) తన అనుగ్రహాలను గుర్తుచేస్తూ, మన ఇళ్లను మనకు ప్రశాంత నిలయాలుగా చేసిన సంగతి చెప్పాడు. విశాలమైన ఇంటిని, మంచి పొరుగువారిని దైవప్రవక్త (స) మనిషి సౌభాగ్యాల్లో లెక్కించారు. అందుకే మన కుటుంబాలు పైసా పైసా కూడబెట్టి, మస్జిదు, బడి, దవాఖానా దగ్గరగా ఉన్న పాత కాలనీలో ఒక ఇల్లు కొనుక్కోవాలని ఆశపడతాయి.

అలాంటి చోట ఖాళీ జాగా దొరకటం అరుదు. దొరికేది ఎవరో పెద్దాయన కట్టుకొని, కాపురముండి, కన్నుమూసిన ఇల్లు. అమ్మేది ఆయన కొడుకులు. లింకు డాక్యుమెంట్లు, ఇ.సి. వకీలుకు చూపిస్తాం. మంచిదే. కాని ఇ.సి.లో కనిపించేది రిజిస్టరైన లావాదేవీలే. ఆ ఇంటి ఆడబిడ్డ వాటా అందులో కనిపించదు.

వారసత్వం కొంచెమైనా ఎక్కువైనా పురుషులకూ స్త్రీలకూ అందులో నిర్ణీత వాటా ఉందని నిసా సూరా (4:7) ప్రకటిస్తోంది. ఒక ఉదాహరణ చూడండి. తండ్రి చనిపోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. అప్పులు, వసీయతు పోను ఇల్లు 80 లక్షలనుకుందాం. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 10 లక్షలు. మిగిలిన 70 లక్షల్లో ఒక్కో కొడుక్కి 28, కూతురికి 14. ఆ 14 లక్షలు ఎగ్గొట్టి అన్నలు అమ్ముతుంటే, తెలిసి కొన్నవాడు ఎవరి సొమ్ములో నమాజు చేస్తున్నట్లు? పెళ్లికి ఖర్చు పెట్టాంగా అనే మాటతో వాటా తీరిపోదు. మొహమాటం కొద్దీ పెట్టిన సంతకం చట్టానికి చాలవచ్చు. మనస్ఫూర్తిగా ఇస్తే తప్ప ఒక ముస్లిం సొత్తు ఇంకొకరికి ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు. కాబట్టి బయానా ఇచ్చే ముందే మీ ఇంటి ఆడవాళ్లను పంపి ఆ అక్కచెల్లెళ్లతో మాట్లాడించండి. ఎవరి వాటా వారి పేరనే చెక్కు రాయండి. (2005 చట్టసవరణ తర్వాత హిందూ కుటుంబాల్లోనూ కూతురికి కొడుకుతో సమానహక్కు ఉంది. అక్కడా ఈ జాగ్రత్త అవసరమే.)

రెండోది పొరుగువాని హక్కు. సహీహ్ బుఖారీలో ఒక సంఘటన ఉంది. దైవప్రవక్త (స) విముక్తి కల్పించిన అబూ రాఫె (రజి)కు హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఆవరణలో రెండు గదులు ఉండేవి. వాటిని కొనమని ఆయన సఅద్‌ను అడిగారు. నాలుగు వేల దిర్హములకు మించి ఇవ్వను, అదీ వాయిదాల్లోనే అన్నారు సఅద్. బయటివాళ్లు అప్పటికే 500 దీనార్లు ఇస్తామంటున్నారు. ఆనాటి మారకంలో అది ఐదువేల దిర్హములకు తక్కువ కాదు. అయినా అబూ రాఫె (రజి) పొరుగువానికే ఇచ్చేశారు. దగ్గరితనం వల్ల పొరుగువానికి ఎక్కువ హక్కుందని దైవప్రవక్త (స) చెప్పగా తాను విన్నాననీ, లేకుంటే ఇచ్చేవాణ్ణి కాననీ అన్నారు.

దీన్నే షుఫ్ఆ అంటారు. పక్కింటివానికీ ఈ హక్కుందని హనఫీ పండితులంటే, తక్కిన ఇమాములు భాగస్వామికే పరిమితం చేశారు. పొరుగువాడన్న ఒక్క కారణంతో ఇచ్చే ఇలాంటి హక్కు చెల్లదని మన సుప్రీంకోర్టు 1962లో తీర్పు చెప్పింది. కోర్టు బలవంతం లేకపోయినా, పక్కింటాయనకు ఒక మాట చెప్పారా అని అమ్మేవారిని అడగటంలో కొనేవానికి పోయేదేమీ లేదు. రేపు గోడ పక్కన బతకాల్సింది ఆయనతోనే.

అదే హదీసులోని వాయిదాల మాట కూడా గమనించండి. ధర ముందే ఖాయమై, ఆలస్యమైతే పెరగకుండా ఉంటే వాయిదాలు తప్పు కాదు. బఖరా సూరా (2:282) ఆదేశం ప్రకారం వ్రాసుకొని సాక్షులను పెట్టుకోవాలి. కాని చాలామంది ఈ దారి అడగను కూడా అడగకుండా నేరుగా బ్యాంకు వడ్డీ అప్పుకు వెళ్తారు. వడ్డీ వదలనివారిపై అల్లాహ్, ఆయన ప్రవక్త యుద్ధం ప్రకటించిన సంగతి అదే సూరాలో (2:279) ఉంది. పిల్లలు పడుకునే గదిలోకి ఆ యుద్ధాన్ని ఎందుకు తెచ్చుకోవాలి?

మస్జిదు దగ్గర ఇల్లు అందకపోతే ఊరి చివరైనా సరే, వడ్డీ లేకుండా దొరికింది తీసుకోండి. మదీనా శివార్లలో ఉండే బనూ సలిమా వంశస్తులు మస్జిదె నబవీ దగ్గరకు మారాలనుకున్నారు. ఊరి అంచులు ఖాళీ అవటం దైవప్రవక్త (స)కు ఇష్టం లేకపోయింది. మీ ఇళ్లలోనే ఉండండి, మీరు నడిచి వచ్చే ప్రతి అడుగూ వ్రాయబడుతోందని వారికి చెప్పారు. మారిపోయి ఉంటే ఇంత సంతోషం ఉండేది కాదని తర్వాత వారే చెప్పుకున్నారు.