జటాయువు కులం, మా తాత అడిగిన ప్రశ్న

పోయిన వీడియోలో జటాయువు కథ చెప్పుకున్నాం కదా, దాన్ని మా తాత కూడా చూశాడు. మాది హిందూపురం దగ్గర పల్లె, లేపాక్షి ఎంతో దూరం లేదు. జటాయువు పడిపోయింది అక్కడేననీ, రాముడు "లే పక్షీ" అన్నందుకే ఆ పేరొచ్చిందనీ మా వైపు పిల్లలందరూ వింటూ పెరుగుతారు. వీడియో అయిపోయాక తాత ఫోన్ చేసి ఒకే మాట అడిగాడు. "కథ బాగానే చెప్పినావు నాయనా. మా కాలంలో వంక దగ్గర గొడ్డు చచ్చి పడితే యాభై అరవై రాబందులు దిగేవి. పొద్దు గుంకేలోపు ఎముకలే మిగిలేవి. అవన్నీ యాడికి పోయినట్టు?"

నా దగ్గర జవాబు లేదు. నేను రాబందును చూసింది హైదరాబాద్ జూలోనే. సరే చూద్దామని ఆ రాత్రి చదవడం మొదలుపెట్టా. చదివాక తాతకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు తిరిగా.

1990ల మొదట్లో మన దేశంలో రాబందులు కోట్లలో ఉండేవి. 1992 నుంచి 2007 లోపల తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒకటి చొప్పున మిగిలాయి. అచ్చు తప్పు కాదండీ, నిజంగానే వెయ్యికి ఒకటి. ఏదో వైరస్ అనుకున్నారు చాలాకాలం. 2004లో లిండ్సే ఓక్స్ బృందం పాకిస్తాన్‌లో చచ్చిన రాబందుల్ని పరీక్షించి అసలు కారణం బయటపెట్టింది. అది డైక్లోఫెనాక్. మనం ఒళ్ళు నొప్పులకు వేసుకునే మందే. 90లలో అది చవకై పశువులకూ వాడకం పెరిగింది. కుంటుతున్న ఎద్దుకు, జ్వరమొచ్చిన ఆవుకు ఒక ఇంజెక్షన్. ఆ మందు ఒంట్లో ఉండగా పశువు చచ్చిపోతే, దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై కొద్ది రోజుల్లోనే ప్రాణం పోతుంది. ఒక్క కళేబరం మీద డజన్ల కొద్దీ పక్షులు తింటాయి కాబట్టి, వంద కళేబరాల్లో ఒక్కదాంట్లో మందున్నా చాలు, జాతి మొత్తం కూలిపోతుంది. పైగా రాబందు ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది.

ఇక్కడ నా ఉద్యోగం గుర్తొచ్చింది. చేరిన మొదటి ఏడాది ఒక పాత సర్వర్‌లో రోజూ రాత్రి నడిచే చిన్న స్క్రిప్ట్ ఒకటి కనిపించింది. ఎవరు రాశారో తెలీదు, ఎందుకో తెలీదు, చూడ్డానికి అసహ్యంగా ఉంది. తీసేశా. ఆరు వారాలపాటు ఏమీ కాలేదు. తర్వాత ఒక ఆదివారం సిస్టమ్ మొత్తం ఆగిపోయింది. ఆ స్క్రిప్ట్ చేసే పనల్లా పాత లాగ్ ఫైళ్ళు తుడిచేయడమే. డిస్క్ నిండిపోయింది. చెత్త ఎత్తేవాడు ఉన్నన్నాళ్ళూ వాడున్నాడని మనకు తెలీదు.

ఊళ్ళలోనూ అదే జరిగింది. కళేబరాలు కుళ్ళి నీళ్ళలో కలిశాయి, కుక్కలు పెరిగాయి, కుక్కలతోపాటు రేబిస్ భయం పెరిగింది. చికాగో యూనివర్సిటీకి చెందిన ఇయాల్ ఫ్రాంక్, వార్విక్ యూనివర్సిటీకి చెందిన అనంత్ సుదర్శన్ దీన్ని లెక్క కట్టారు. ఆ పరిశోధన 2024లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చింది. రాబందులు ఎక్కువగా బతికిన జిల్లాలనూ, వాటికి అనువుగాని జిల్లాలనూ పోల్చి చూశారు. రాబందులు పోయిన చోట మరణాల రేటు 4 శాతానికి పైగా పెరిగింది. 2000 నుంచి 2005 దాకా సుమారు ఐదు లక్షల అదనపు మరణాలని తేల్చారు. అంచనానే, ఒప్పుకుంటా. ఫలానా మనిషి రాబందు లేక పోయాడని ఎవ్వరూ చూపించలేరు. కానీ ఐదు లక్షలు!

రామాయణంలో ఆ పక్షికి గృధ్రరాజు అని పేరు. తండ్రికి చేసినట్టు రాముడు తన చేతులతో దహనం చేశాడు. మనమేమో లంచగొండుల్ని తిట్టాలంటే "రాబందుల్లా పీక్కు తింటున్నారు" అంటాం. ఇంటి మీద వాలితే అరిష్టం అంటాం.

చివరికి తాతకు చెప్పేశా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మన కపిలావుకు కాళ్ళు వాచినప్పుడు డాక్టరు అదే సూది వేసినాడేమో. నేనే పిలిపించింటి. అయితే ఆ పాపం నాకూ ఉన్నట్టేనా?" అన్నాడు.

ఆవు నొప్పి తగ్గించాలనుకోవడం పాపమా? మన పురాణాల్ని అడిగితే ఒక్క జవాబు రాదు. మాండవ్య మహర్షి కథ తెలుసు కదా. చిన్నప్పుడు పురుగుల్ని గడ్డిపోచతో గుచ్చినందుకు కొరత ఎక్కాల్సి వచ్చింది. తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని ఆయన యముడినే శపించాడు. ఆ శాపంతోనే యముడు విదురుడై పుట్టాడు. అంటే తెలియనివాడి పక్షాన ఒక ఋషి నిలబడ్డాడు. భాగవతంలోని నృగ మహారాజు కథ చూస్తే వేరేలా ఉంటుంది. దానమిచ్చిన ఆవు తిరిగొచ్చి మందలో కలిసిపోయింది. రాజుకు తెలీదు. దాన్నే ఇంకొకరికి దానమిచ్చాడు. ఉద్దేశం మంచిదే, పొరపాటు చిన్నదే, అయినా ఊసరవెల్లిగా బావిలో పడి ఉన్నాడు, కృష్ణుడు తీసేదాకా.

నాకేమనిపిస్తుందంటే, ఈ రెండు కథలూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. నిన్ను దోషి అనొచ్చా అనేది మాండవ్యుడి ప్రశ్న. జరిగిన నష్టం ఎక్కడికి పోతుంది అనేది నృగుడి కథ. మా తాత దోషి కాడు. అది ప్రేమకొద్దీ అనడం లేదు. 2004కు ముందు ఆ సంగతి ఏ రైతుకూ తెలిసే దారి లేదు, పరిశోధకులకే తెలీదు. కానీ నష్టం మాత్రం ఎవరో ఒకరి మీద పడింది. అందులో ఎక్కువమంది పేర్లు ఎక్కడా ఉండవు.

2006లో ప్రభుత్వం పశువులకు ఈ మందు నిషేధించింది. మెలాక్సికాం అనే మందు రాబందులకు హాని చెయ్యదని ఆ ఏడాదే తేలింది కూడా. మరి ఆపేశారా? మనుషుల కోసమని అమ్మే పెద్ద సీసాల్ని తెచ్చి పశువులకు వాడారు. ఆ పెద్ద సీసాల్ని ఆపడానికి 2015 దాకా పట్టింది. ఇలాంటి హానే చేసే కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను పశువులకు నిషేధించింది 2023లో. నిషేధం తెలిసి కూడా ఆ పెద్ద సీసా అందించినవాడిని మాండవ్యుడు కాపాడతాడని నేననుకోను. తాతనూ అతన్నీ ఒకే గాటన కట్టకూడదు.

ఇదంతా తాతకు చెప్పా. ఒప్పుకున్నాడో లేదో తెలీదు. "నువ్వు నా మనవడివి, అట్లనే అంటావులే" అన్నాడు.

మొన్న వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. దూడకు జ్వరమొస్తే డాక్టరు వచ్చాడట. ఫోటోలో తాత అరచేతిలో చిన్న సీసా, కాస్త మసగ్గా ఉంది. కింద వాయిస్ మెసేజ్: "దీని మీద ఏం రాసుందో చదివి చెప్పు నాయనా. అంతవరకు డాక్టరును కూర్చోబెట్టి కాఫీ ఇచ్చినా."

జూమ్ చేసి చూశా. మెలాక్సికాం.