సంకల్పం లేని దానం

తలకు గట్టి దెబ్బ తగిలినవాళ్లకు ముప్ఫై ఏళ్లకు పైగా చాలా ఆసుపత్రుల్లో స్టెరాయిడ్లు ఇస్తూ వచ్చారు. మెదడు వాపు తగ్గుతుందని నమ్మకం. 1999లో లండన్ పరిశోధకులు మొదలుపెట్టిన క్రాష్ ట్రయల్ ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది. పలు దేశాల్లో 10,008 మందిని చీటీలు తీసినట్టు రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి మిథైల్‌ప్రెడ్నిసొలోన్, మరో వర్గానికి మందు లేని ద్రవం ఎక్కించారు. రెండు వారాల్లో మందు పడ్డవాళ్లలో 1,052 మంది, పడనివాళ్లలో 893 మంది చనిపోయారు. 20,000 మందిని చేర్చుకోవాలనుకున్న ట్రయల్‌ను సగంలోనే ఆపేశారు.

2004లో ఫలితం వెలువడ్డాక ఆ వైద్యం ఆగింది. ఆ తర్వాత తలకు దెబ్బ తగిలిన ఎందరో ఈ అపాయం నుంచి తప్పించుకున్నారు. మరి ఆ మందు పడ్డాక చనిపోయినవాళ్ల మాటేమిటి? వాళ్లలో చాలామంది ఒప్పుకొనే స్థితిలోనే లేరు.

నాజీ వైద్యుల విచారణ తర్వాత, 1947 నాటి న్యూరెంబర్గ్ నియమావళి మొట్టమొదటి షరతుగా పెట్టింది మనిషి ఇష్టపూర్వక సమ్మతినే. 1964 హెల్సింకీ ప్రకటన సంరక్షకుల సమ్మతికి చోటిచ్చింది. తల్లిని ఆష్‌విట్జ్‌లో పోగొట్టుకున్న తత్వవేత్త హాన్స్ యోనాస్ 1969లో ఇంకా కఠినంగా వాదించాడు: ప్రయోగానికి ముందు సిద్ధపడాల్సింది పరిశోధకులే, కదలలేని రోగి వంతు అందరికన్నా చివర రావాలి, వైద్యం ఇంకాస్త నెమ్మదిగా ఎదిగినా ఫరవాలేదు.

యోనాస్ మాటను తేలిగ్గా తోసేయలేం. కానీ ఐసీయూలో దాన్ని అక్షరాలా పాటిస్తే జరిగేదేమిటి? పరీక్ష జరగదు, వైద్యం మాత్రం ఊహ మీదే సాగుతుంది. క్రాష్‌కు ముందు స్టెరాయిడ్ పడ్డ ప్రతి రోగీ ఒక ప్రయోగంలోనే ఉన్నాడు, కాకపోతే చాలామంది విషయంలో ఎవరూ లెక్క రాయలేదు. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో అదే కోవకు చెందిన డెక్సామెథసోన్, వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో మరణాలను 41.4 శాతం నుంచి 29.3 శాతానికి దించింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం మేలు చేయలేదు. ఒక చోట ప్రాణం పోసిన మందుల కోవే మరో చోట ప్రాణం తీస్తుందని ఎంత అనుభవమున్న డాక్టరయినా ఊహతో తేల్చలేడు.

ఇక్కడ చాలామంది త్యాగమనే మాట వాడతారు. శిబి తన తొడ మాంసం తానే కోసి ఇచ్చాడు. దధీచి దేవతలు అడిగితే ఒప్పుకొని వెన్నెముక ఇచ్చాడు. మన సంప్రదాయంలో సంకల్పం చెప్పి, నీళ్లు ధార పోస్తేనే దానం. స్పృహ లేని మనిషి నుంచి అందిన జ్ఞానాన్ని దానమంటే పుచ్చుకున్నవాడి మనసు తేలికపడుతుందంతే. అది ఋణం. పుట్టుకతోనే మనిషి మీద ఋషిఋణం ఉంటుందని ధర్మశాస్త్రాలు చెప్పాయి. మనం అడిగామా లేదా అన్నదానితో దానికి పనిలేదు. చదివి, తర్వాతివాళ్లకు అందించి తీర్చుకోవాలి. పరిశోధకుడి మీద ఉన్నదీ అలాంటిదే. ఫలితం తనకు నచ్చకపోయినా ప్రకటించడం అందులో మొదటి వాయిదా.

రెండో వాయిదా ఇంటివాళ్లకు చెల్లించాలి. ఆసుపత్రి బయట గుండె ఆగినవాళ్ల మీద బ్రిటన్ అంబులెన్సుల్లో జరిగిన పారామెడిక్-2 ట్రయల్‌లో 8,014 మందికి అడ్రినలిన్ గానీ ఉప్పునీరు గానీ ఎక్కించారు. గుండె ఆగినచోట సంతకం అడిగే వీలే లేదు. ముందే వద్దనుకున్నవాళ్లు వేసుకోవడానికి ఒక కడియం మాత్రం ఏర్పాటు చేశారు. నెల రోజుల తర్వాత బతికున్నవాళ్లు అడ్రినలిన్ వర్గంలో 3.2 శాతం, రెండోదాంట్లో 2.4 శాతం. అయితే అడ్రినలిన్‌తో బతికినవాళ్లలో మెదడు తీవ్రంగా దెబ్బతిన్నవాళ్లు ఎక్కువ. బతికి బయటపడ్డవాళ్లను తర్వాత కలిసి సమ్మతి అడిగారు. పోయినవాళ్ల కుటుంబాలకు మాత్రం నేరుగా కబురు చేయలేదు. సమాచారాన్ని అందరికీ కనిపించేచోట ఉంచారు.

దుఃఖంలో ఉన్నవాళ్లను కలవరపెట్టకూడదన్నది వాళ్ల ఉద్దేశం. అందులో కరుణ ఉంది. కానీ ఈ ట్రయల్‌లో నూటికి 97 మంది చనిపోయారు. అంటే ఋణదాతల్లో దాదాపు అందరి ఇళ్లకూ ఆ సంగతి సూటిగా చేరలేదు. కొన్ని నెలలాగి, వివరాలు కావాలో వద్దో ఇంటివాళ్లే తేల్చుకునేలా ఒక ఉత్తరం రాయడం అసాధ్యమేమీ కాదు. రాస్తే కొందరికి కోపం వస్తుంది, ఆ కోపానికి ఎదురుగా కూర్చుని జవాబు చెప్పడం కూడా పరిశోధనలో భాగమే.