అల్లుడికి భత్యం, ఆడపడుచుకు చీర

మొహం చూడని పరిచయాన్ని నమ్మొచ్చా? భజన బృందాలూ పాదయాత్ర బృందాలూ ఫోన్లోనే కూడుతున్న ఈ రోజుల్లో ఇంట్లో పెద్దవాళ్లకు వచ్చే అనుమానమే ఇది. రక్తసంబంధం లేదు, ఒక ఊరు కాదు, ఒక్కోసారి ఒక భాష కూడా కాదు. కడప, కర్నూలు సీమల్లో మాత్రం దీనికి పాత జవాబే ఉంది.

ఉగాది తెల్లవారుజామున దేవుని కడపకు వెళ్లాలి. తిరుమలకు తొలి గడపగా పేరుపడ్డ లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడి ముందు ముస్లిం కుటుంబాలు బారులు తీరి ఉంటాయి. సంచుల్లో టెంకాయ, బెల్లం, చింతపండు. దాన్ని భత్యం అంటారు. స్వామి పెళ్లాడిన బీబీ నాంచారి వాళ్లింటి ఆడబిడ్డ కదా, పండగపూట అల్లుడి గడప ఉత్తచేతులతో ఎలా తొక్కుతారు? ఆ కథకు చరిత్రలో ఆధారమెంత అని పండితులు వాదించుకోవచ్చు. వరసలో నిలబడ్డవాళ్లకు ఆ వాదంతో పనిలేదు.

అదే ఉగాదికి శ్రీశైలంలో మరో పుట్టింటివాళ్లు దిగుతారు. భ్రమరాంబను తమ ఆడపడుచు అనుకునే కన్నడ భక్తులు బళ్లారి, రాయచూరు, బాగల్‌కోట వైపు నుంచి రోజుల తరబడి నడిచి చీర, పసుపు కుంకుమ మోసుకొస్తారు. కొందరైతే మరకాళ్లు కట్టుకుని మరీ నడుస్తారు! ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర నల్లమలలో అడుగుపెట్టి, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాస ద్వారం ఎక్కుతారు. దారిపొడుగునా తెలుగువాళ్లు పందిళ్లు వేసి అన్నం, మజ్జిగ పెడతారు. బొబ్బలెక్కిన పాదాలను వేడినీళ్లతో కడిగి నూనె పట్టిస్తారు. పేరు అడిగేవాళ్లు తక్కువ. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమైనా సేవ ఆగదు.

అహోబిలంలో దేవుడే గడప దిగుతాడు. చెంచుల ఆడబిడ్డ చెంచులక్ష్మిని చేసుకున్న నరసింహస్వామి కనుమ పండగ నుంచి నెలకు పైగా పారువేట పల్లకిలో ఊరూరా తిరిగి తన పెళ్లికి పిలుస్తాడు. పిలవకపోతే చుట్టరికం సన్నగిల్లుతుందని ఆయనకూ తెలుసు కాబోలు.

ఈ మూడు చోట్లా ముందు వరస కలిసింది. ఏటేటా మోసుకెళ్లిన సంచీ, చేసిన చాకిరీ దాన్ని నిలబెట్టాయి. ఫోన్లో కలిసినవాళ్లకూ ఇదే కొలత. పొద్దున్నే దేవుడి బొమ్మ పంపి ఊరుకునే బృందం ఇందులో తేలిపోతుంది. అదే బృందంలో ఎవరి తల్లో ఆసుపత్రిలో ఉందని తెలిసి క్యారియర్ కట్టుకెళ్లిన మనిషి, అంతకుముందు ఎన్నడూ ఎదురుపడకపోయినా, చుట్టమే.

ఉగాదికి ముందు ఆత్మకూరు దారిలో బండి మీద వెళ్లేవాళ్లు రోడ్డంచున నడిచే యాత్రికులను చూసి నెమ్మదించండి. పందిట్లో వడ్డించేవాళ్లు ప్లాస్టిక్ మానేసి విస్తరాకులు వాడండి. ముందున్నది పులుల అడవి.