సెలోపెహాదు కుమార్తెల మనవి

వాక్యభాగము: సంఖ్యాకాండము 27:1–11



మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. ఈ అయిదు పేర్లలో ఒక్కటైనను మన సంఘములో ఎవరును ఆడపిల్లకు పెట్టినట్లు మేమెరుగము. రూతులు, ఎస్తేరులు, మరియమ్మలు మనలో అనేకులున్నారు గాని వీరు లేరు. ఆస్తి విషయమై సమాజమంతటి యెదుట నిలిచి న్యాయమడిగిన స్త్రీలు వీరే.

వీరి తండ్రి అరణ్యములో మరణించెను. కుమారులు లేరు. భూమి పంచునప్పుడు ఆయన పేరు మాసిపోవలసినదే. ఈ అక్కచెల్లెండ్రు ప్రత్యక్షపు గుడారము ద్వారమునొద్దకు వచ్చి, మోషే యెదుటను యాజకుడైన ఎలియాజరు యెదుటను తమ మనవి చెప్పుకొనిరి. మోషే చేతిలో అప్పటికే ధర్మశాస్త్రమున్నది. దానిలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఆయన "వాడుక ఇంతే, వెళ్లుడి" అనలేదు. మనవిని దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. వారడిగినది న్యాయమేయని దేవుడు మొదట ఒప్పుకొని, అటుతరువాత కట్టడ నియమించెను. ఈ వరుసను గమనింపగోరుచున్నాము. న్యాయము ముందున్నది, చట్టము దాని వెనుక వచ్చినది.

న్యాయశాస్త్ర పండితుల తగవు కూడ ఇదే. ఇంగ్లండుకు చెందిన జాన్ ఆస్టిన్ 1832లో ప్రచురించిన గ్రంథములో, చట్టమనగా సార్వభౌముని ఆజ్ఞ యనియు, అది మంచిదా చెడ్డదా యనునది వేరు ప్రశ్న యనియు వ్రాసెను. 13వ శతాబ్దపు క్రైస్తవ పండితుడు థామస్ అక్వినాసు, న్యాయము తప్పిన చట్టము చెడిపోయిన చట్టమనెను. మేము అక్వినాసు పక్షమే.

మన దేశములో తిరువాన్కూరు క్రైస్తవ వారసత్వ చట్టము 1916లో వచ్చెను. వీలునామా లేక తండ్రి మరణించినయెడల, కుమార్తెకు కుమారుని వాటాలో నాలుగవ వంతు, లేక 5,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. పేరులో క్రైస్తవ అను మాట ఉన్నందున వాటా పెరుగలేదు! మేరీ రాయ్ అను కేరళ క్రైస్తవ స్త్రీ సుప్రీంకోర్టుకు వెళ్లగా, 1951 ఏప్రిల్ 1 నుండి అక్కడి క్రైస్తవులకును 1925 నాటి భారత వారసత్వ చట్టమే వర్తించునని 1986లో తీర్పు వచ్చెను. మనకును వర్తించునది ఆ 1925 చట్టమే. దాని ప్రకారము విధవరాలికి మూడవ వంతు పోగా, మిగిలినది కుమారులకు కుమార్తెలకు సమానము.

"కుమారులు లేనప్పుడే గదా మోషే ఇచ్చెను" అని ఒక పెద్ద మాతో వాదించెను. నిజమే. యోబు మాత్రము తన కుమార్తెలకు వారి అన్నదమ్ములతోపాటు స్వాస్థ్యమిచ్చెను. గోత్ర పెద్దలు అభ్యంతరము చెప్పిన 36వ అధ్యాయము మన పెద్దలకు జ్ఞాపకమున్నంతగా యోబు చివరి అధ్యాయము జ్ఞాపకముండదు.

ఇది ఒకరిని తప్పుపట్టుటకు వ్రాయుట లేదు. చాల సంవత్సరముల క్రిందట మన ఊరిలో ఒక విశ్వాసి మరణించెను. వీలునామా లేదు. ఇల్లొకటి ఉన్నది. కుమార్తెను స్వగ్రామము వైపు ఇచ్చియుండిరి. ఆమె భూస్థాపనకు వచ్చినప్పుడు, మూడవ దినముననే, అన్నదమ్ములు హక్కు విడుదల పత్రము ఆమె యెదుట పెట్టిరి. "పెండ్లికి కట్నమిచ్చితిమి గదా" అనిరి. ఇష్టపూర్వకముగా వదలుకొనుటకు చట్టము అడ్డుచెప్పదు. అది ఇష్టమా కాదా యని అడుగవలసిన వారము అక్కడ కూర్చున్న సంఘ పెద్దలమే. మేము ప్రార్థన చేసి, సాక్షి సంతకము పెట్టితిమి.

నిరుడు ఆ తట్టు వెళ్లినప్పుడు ఆమెను చూచితిమి. భర్త లేడు, అద్దె గదిలో ఉన్నది. టీ ఇచ్చి కుశలమడిగి, తరువాత నెమ్మదిగా, "అన్నయ్యగారూ, మీరు బడిలో చదువు చెప్పినవారు గదా, ఆ దినము ఆ కాగితము చదివే సంతకము పెట్టినారా?" అని అడిగెను.

మేము చదువలేదు.