తెలియక జరిగింది అంటే సరిపోతుందా?



2001 చలికాలంలో ఒక సాయంత్రం నా విచారణలోని ఒక పల్లెలో ఇండ్లు దర్శిస్తూ ఒక గుడిసెలోకి వెళ్ళాను. ఏడు నెలల పసిబిడ్డ అమ్మమ్మ ఒడిలో ఉంది. జ్వరం, దగ్గు. ఊపిరి గబగబా తీస్తోంది. "డొక్కలు ఎగరేస్తోంది ఫాదర్ గారూ, పసరు పోయించాం, మీరు ప్రార్థన చేయండి" అన్నది ఆ పెద్దమ్మ. బిడ్డ తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించాను. దీవించి పక్కింటికి వెళ్ళాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అక్కడికి నాలుగు కిలోమీటర్లు. నాకు మోటారు సైకిలు ఉంది. మూడో రోజున ఆ బిడ్డను భూస్థాపన చేయడానికి అదే పల్లెకు వెళ్ళాను. అందరూ "దేవుని చిత్తం" అన్నారు. నేనూ అన్నాను.

ఆ మాట అనే హక్కు నాకు ఉందా? ఈ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదలలేదు. ఆ బిడ్డకు వచ్చింది న్యుమోనియా. మన ఊళ్ళలో నెమ్ము అంటారు. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. తెలియక జరిగినదానికి నేను బాధ్యుడినా?

సెమినరీలో తత్వశాస్త్రం చదివేటప్పుడు పునీత అక్వినాసు తోమాసు వారి బోధ ఒకటి నేర్చుకున్నాం. ఎంత ప్రయత్నించినా తెలుసుకోలేని సంగతి తెలియకపోతే అది దోషం కాదు. కాని తెలుసుకోవలసినదాన్ని, తెలుసుకోగలిగీ అశ్రద్ధ వలన తెలుసుకోకపోతే అది దోషమే. మొదటిది జయించలేని అజ్ఞానం, రెండవది జయించదగిన అజ్ఞానం. మరి నాది ఏది?

మన తెలంగాణకు ఆనుకొని, ప్రాణహిత నదికి ఆవలి ఒడ్డున మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా ఉంది. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 58 గ్రామాలలో ఊరివారికే, మంత్రసానులకు కూడా, నెమ్మును గుర్తించి మందు ఇవ్వడం నేర్పించారు. లెక్కలు సరిగా రాని మంత్రసానుల కోసం పూసలు, ఇసుక గడియారం ఉన్న ఒక చిన్న పరికరం తయారు చేశారు. బిడ్డ పది సార్లు ఊపిరి తీస్తే ఒక పూస జరపాలి. ఆ ఫలితాలు 1990లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. ఆ గ్రామాలలో నెమ్ముతో పిల్లల మరణాలు పక్క గ్రామాలతో పోలిస్తే సగానికి తగ్గాయి. నేను ఆ గుడిసెలోకి వెళ్ళేనాటికి అది అచ్చయి పదేళ్ళు దాటింది. చదువురాని మంత్రసాని నేర్చుకున్నదాన్ని, ఇన్నేళ్ళు చదివిన నేను నేర్చుకోలేదు. నాది జయించదగిన అజ్ఞానమే.

ఆ బిడ్డ తల్లిది మాత్రం అలా అనలేను. ఆమెకు చెప్పవలసినవాళ్ళం చెప్పలేదు. కనుక ఇలాంటి ఇంట్లో చావు జరిగినప్పుడు "తల్లి చూసుకోలేదు" అనకండి. ఆమెకు ఆ సంగతి ఎవరు చెప్పారని ముందుగా మనల్ని మనం అడుగుదాం.

ఇప్పుడు చెబుతున్నాను, దయచేసి గుర్తుంచుకోండి. దగ్గుతో ఉన్న బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుండి ఏడాది లోపు 50, ఏడాది నుండి ఐదేళ్ళ లోపు 40, ఆ పైన ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, బిడ్డ పాలు తాగలేకపోయినా, మగతగా పడి ఉన్నా లెక్క కూడా అక్కరలేదు, 108కి ఫోన్ చేయండి. పసరు, వాతలు, తాయెత్తు వలన పోయేది విలువైన సమయమే.

రాకుండా కాపాడుకోవడం ఇంకా మేలు. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు మాత్రమే ఇవ్వండి. కట్టెల పొయ్యి పొగ, చుట్ట, బీడీ పొగ పసిబిడ్డ దగ్గరకు రానీయకండి. దగ్గు, జలుబు ఉన్నవారు బిడ్డను ముద్దాడవద్దు. తట్టు టీకా, ఐదు వ్యాధులకు ఒకే సూదిగా వేసే టీకా తప్పక వేయించండి. న్యుమోకోకల్ టీకాను ప్రభుత్వం 2021 నుండి దేశమంతటా ఉచితంగా ఇస్తున్నది. ఒకటిన్నర నెలకు, మూడున్నర నెలలకు, తొమ్మిదో నెలలో వేస్తారు. మీ వీధి ఆశా కార్యకర్తను అడగండి.

2019లో ప్రపంచంలో ఐదేళ్ళలోపు పిల్లలు సుమారు 7 లక్షల 40 వేల మంది ఈ జబ్బుతో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ వయసు పిల్లల మరణాలలో ఇది 14 శాతం. ఇన్ని చావులనూ దేవుని చిత్తం అనడం దేవుని మీద అపనింద వేయడమే. దారిలో పడి ఉన్న మనిషిని చూసి తప్పుకొని పోయిన యాజకుని కథ మనకందరికీ తెలుసు. ఆ కథను పీఠం మీదనుండి ఎన్నోసార్లు చదివిన నేనే ఆ సాయంత్రం ఆ యాజకుణ్ణయ్యాను.

ఇప్పుడు ఇండ్లు దర్శించేటప్పుడు నా చేతికి గడియారం ఉంటుంది. దగ్గే బిడ్డ కనిపిస్తే ముందు నిమిషం లెక్కపెడతాను, తరువాత ప్రార్థిస్తాను. ఈ ఆదివారం పూజ తరువాత మీ పక్కింటి పసిబిడ్డ తల్లికి ఈ నాలుగు అంకెలు చెప్పండి. ఇక మీదట మనలో ఎవరూ తెలియదు అనడానికి వీలులేదు.